కాదంబరి కీర్తి

మహారాష్ట్రులును కన్నడిగులును తమ భాషలలో నవలను 'కాదంబరి' యని పిలుతురు. ఒక పుస్తకము పేరు ఆ జాతి పుస్తకముల కన్నిటికిని పేరగుట లోకమున మిక్కిలి యరుదు. మన తెలుగువా రా మాటను గైకొనలేదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1880లో గ్రంథరూపమున వెలువరించిన రాజశేఖర చరిత్రమును వచనప్రబంధ మనిరి. తరువాత నింగ్లీషు మాటకు దగ్గఱగా 'నవల' యను పేరు మనలో స్థిరపడినది. పేరు మనకు రాకున్నను పుస్తకము మాత్రము వచ్చినది. సంస్కృతపు చదువు గల యింట కాదంబరి యొక ప్రతియైన నుండకపోదు. అయితే దానిని తుదముట్ట జదివినవా రెందఱని యడిగినచో పెద్దలు చిఱునవ్వు నవ్వి మాట మార్చుదురు.

నేటి నా ప్రసంగ మా చిఱునవ్వును గూర్చియే. పదుమూడువందల యేండ్లకు పైబడిన యీ ప్రేమకథకు గల గొప్ప పేరు న్యాయముగ వచ్చినదా, లేక చదువనివారు చదివినవారికి జడిసి యిచ్చినదా?

మనవారి తీర్పు ప్రసిద్ధము. లోకమందలి కవిత్వమంతయు బాణుడు రుచి చూచి విడిచిన యెంగిలియే యని యొకమాట. కాదంబరి రసమెఱిగినవానికి అన్నమును సహింపదని మఱియొకమాట. కాదంబరి యనగా మద్యమనియు నర్థము కలదు గనుక నీ చమత్కారము. సముద్రమున కావలి తీర్పు వేఱు. 19వ శతాబ్దమున వెబరు అను జర్మను పండితుడు బాణుని వచనము అడవివంటి దనియు, బాటసారి పొదలు నఱకుకొనుచు దారి చేసికొనవలసినదే యనియు, అంతలో నెఱుగని మాటలనెడి క్రూరమృగములు వానిని బెదరించుననియు వ్రాసెను. అయినను 1883లో పీటర్సను పండితుడు బొంబాయిలో దీనిని పరిష్కరించి ప్రకటించెను. 1896లో రిడ్డింగు అను విదుషి కొన్ని వర్ణనలను కుదించి యింగ్లీషులోనికి దెచ్చెను.

ఈ రెండు తీర్పులును ఒండొంటికి విరుద్ధములుగ గనబడును గాని, నిదానించి చూచినచో రెండును చూచినది మాటలనే. ఒకరు మాటలను జూచి మురిసిరి. ఒకరు మాటలను జూచి బెదరిరి. కాదంబరికి గల కీర్తి తగినదే యని నా యభిప్రాయము. కాని దాని నెచ్చట నిలిపితిమో యచ్చట గాక వేఱొకచోట నిలుపవలసియున్నది. ఆ చోటును జూపుటయే నేటి నా పని.

ముందుగ కవిని గూర్చి రెండుమాటలు. బాణుడు క్రీ.శ. 7వ శతాబ్దమువాడు. 606 మొదలు 647 వఱకు ఉత్తరదేశము నేలిన హర్షవర్ధనుని యాస్థానకవి. మన పూర్వకవులలో తమ చరిత్రమును దాము చెప్పుకొన్నవా రరుదు. బాణుడు హర్షచరితమున తన పుట్టుపూర్వోత్తరములను దాచక చెప్పెను. శోణానదీతీరమందలి ప్రీతికూట మాతని యూరు. పసితనముననే తల్లి రాజదేవి గతించెను. తండ్రి చిత్రభానుడు తానే తల్లియై పెంచెను. పదునాలుగవ యేట నా తండ్రియు బోయెను. అటుపిమ్మట బాణు డిల్లు విడిచి దేశములు పట్టి తిరిగెను. వెంట నున్న చెలికాండ్ర పట్టిక నాతడే యిచ్చినాడు: పాములవైద్యుడు, కంసాలి, చిత్రకారుడు, మద్దెలవాడు, దేశభాషలో కవిత్వము చెప్పువాడు, సన్న్యాసి, ఆటకత్తె, ఇంకను శూద్రస్త్రీకి బుట్టిన తన సోదరు లిద్దఱు. శ్రోత్రియకుటుంబపు కుఱ్ఱవా డిట్లు తిరిగినచో నూరివా రేమందురో మనకు దెలియును. హర్షుడును ఆ మాటయే యనెను. మొదటి దర్శనమున రాజు ముఖము ద్రిప్పుకొని, వీడు పెద్ద విటుడని ప్రక్కవానితో ననగా, బాణుడు సభలో నిలిచి బెదరక తన కులశీలములను విన్నవించుకొనెను. ఈ తిరుగుళ్ల సంగతి మనస్సున నుంచుకొనుడు. ముందు పనికి వచ్చును.

ఇక కథ. చదివినవారు క్షమింతురు గాక, సంగ్రహముగ జెప్పెదను. విదిశానగరమున శూద్రకమహారాజు కొలువుండగా, ఒక చండాలకన్యక పంజరములో చిలుకను దెచ్చి సమర్పించెను. చిలుక కుడికాలెత్తి రాజును స్తుతించి తన కథ నారంభించెను. బోయల వేటలో తండ్రిని గోలుపోయి తాను జాబాలిమహర్షి యాశ్రమమున జేరితి ననియు, ఆయన తన పూర్వజన్మవృత్తాంతము జెప్పె ననియు బలికెను. జాబాలి చెప్పినది ఉజ్జయిని కథ. తారాపీడమహారాజు కొడుకు చంద్రాపీడుడు. మంత్రి శుకనాసుని కొడుకు వైశంపాయనుడు. చంద్రాపీడుడు దిగ్విజయమునకు వెడలి, హిమవత్ప్రాంతమున కిన్నరుల జంటను దఱుముచు సేనకు దూరమై, అచ్ఛోదమను సరస్సు చేరెను. అచ్చట శివాలయమున వీణ వాయించుచు నొక తాపసి యుండెను. ఆమెయే మహాశ్వేత, గంధర్వకన్య. పుండరీకుడను మునికుమారుని ఆమె వలచెను. ఆమె తన్ను జేరులోపలనే యాతడు విరహము సైపలేక ప్రాణములు విడిచెను. చంద్రమండలమునుండి దిగిన యొక దివ్యపురుషుడు ఆ శరీరము నెత్తుకొని పోవుచు, ప్రాణములు విడువవద్దనియు, మరల సమాగమము కలుగుననియు జెప్పెను. నాటినుండి యామె తపస్సున నున్నది. ఆమె ప్రాణసఖి కాదంబరి; మహాశ్వేత దుఃఖించునంతకాలము తాను పెండ్లియాడనని యామె ప్రతిజ్ఞ. చంద్రాపీడుడును ఆమెయు నొకరినొకరు చూచి వలచిరి. అంతలో తండ్రి కమ్మ పంపగా రాకుమారు డుజ్జయినికి మరలెను. కాదంబరి విరహబాధను పత్రలేఖ యను పరిచారిక వచ్చి చెప్పుచుండగా, ఆ మాట నడుమనే బాణుని గంట మాగిపోయెను.

ఈ కథకు ఎముకలగూడు బాణునిది కాదు. గుణాఢ్యుని బృహత్కథలోనిది. 11వ శతాబ్దమున సోమదేవుడు కథాసరిత్సాగరమున వేఱు పేర్లతో నీ కథనే చెప్పినాడు. కావున కల్పన కొఱకు బాణుని బొగడుటకు వీలులేదు. కథలో కథ, ఆ కథలో మఱియొక కథ చెప్పుటయు గొప్పగ నెంచదగినది కాదు. మన కాశీమజిలీ కథలు చదివినవారి కిది యలవాటైన దారియే. పింగళి సూరన కళాపూర్ణోదయమున జన్మాంతరముల చిక్కుముడి వేసి విప్పిన నేర్పును జూచినవారు ఇందలి చిక్కునకు వెఱగుపడరు.

ఇక దోషములు. నేను ఉన్నతపాఠశాలలో ముప్పదియేండ్లకు పైగా పాఠములు చెప్పినవాడను. సాయంకాలములందు కోరివచ్చిన పిల్లలకు సంస్కృతమును జెప్పుచుంటిని. శూద్రకవర్ణనము మొదలుపెట్టి నాలుగుదినములు గడచినపిమ్మట, చుఱుకైన కుఱ్ఱవా డొకడు లేచి, "పండితులుగారూ, కథ యెప్పుడు మొదలగునండీ?" యని యడిగెను. తక్కినవారు నవ్విరి గాని వాని ప్రశ్న న్యాయమైనది. రాజును జూడగానే రాజవర్ణనము, కొలువువర్ణనము, స్నానవర్ణనము, అడవి, ఆశ్రమము, నగరము, సంధ్య, చంద్రోదయము. క్రియాపదము దొరకువఱకు పుటలు ద్రిప్పవలయును. శ్లేష కొఱకు శ్లేష. నగరమునకును స్త్రీకిని, అడవికిని కావ్యమునకును పోలిక తెచ్చుటకై మాటలను వంచి విఱుచుట. కథానాయికయో, బాణుడు వ్రాసిన భాగమున సగము దాటినంగాని కనబడదు. పేరు కాదంబరిదియైనను హృదయములో నిలుచునది మహాశ్వేత. ఇవన్నియు నిజమైన లోపములే. వీనిని గుణములని సమర్థించు వ్యాఖ్యాతలు బాణునికి మేలు చేయరు.

దీర్ఘవచనము బాణునికి నెప్పుడును భారమనుట మాత్రము కాదు. శుకనాసుడు యువరాజునకు జేసిన యుపదేశమును జూడుడు. పాఠశాలలలో దీనిని మాత్రమే విడదీసి చెప్పుట పరిపాటి. ఐశ్వర్యము తలకెక్కిన రాజులు ధూర్తుల స్తోత్రములు నమ్మి, తమ భుజముల వెనుక మఱి రెండు భుజములు దాగియున్నవని తలంతురట. నొసటి చర్మము క్రింద మూడవకన్ను గలదేమో యని శంకింతురట. ఆస్థానమున నుండి, తన ప్రభువుల యెదుట నిట్లు వ్రాసిన కవికి ధైర్యమును గలదు, కన్నును గలదు. ఇట్టి యధికారి యే కాలమున లేడు? గ్రామకచేరీ మొదలుకొని పై కచేరీల దాక మీరును జూచియుందురు.

కాని నేను చెప్పదలచిన చోట్లు రెండు వేఱుగ నున్నవి. మొదటిది చిలుక కథ. వింధ్యాటవిలో నొక గొప్ప బూరుగుచెట్టు. దాని తొఱ్ఱలో ముదుసలి చిలుక యొకటి. పిల్లను గన్న బాధతో తల్లిచిలుక చచ్చెను. రెక్కలు సడలిన యా తండ్రి తా నెగురలేక, ఇతర చిలుకల గూళ్లనుండి రాలిన గింజలను, పండ్లముక్కలను ముక్కున గఱచి తెచ్చి పిల్లకు బెట్టి, మిగిలినది తాను దినెడిది. ఒకనాడు వేటసేన యడవిని ద్రొక్కిపోయెను. వెనుకబడిన ముదుసలి బోయ యొకడు మాంసము దొరకక ఆ చెట్టెక్కి, కాయలు గోసినట్లు చిలుకపిల్లలను బట్టి మెడలు నులిమి క్రింద పడవేయ సాగెను. తండ్రిచిలుకకు నేమియు దోచలేదు. పిల్లను రెక్కల క్రింద గప్పుకొని కూర్చుండెను. బోయ దానిని జంపి విసరగా, రెక్కల సందున నున్న పిల్ల ఎండుటాకుల కుప్పపై బడి బ్రదికెను. ఈ పిల్ల చెప్పుకొన్న మాటలలో మఱియొక సంగతి కలదు: తండ్రి చచ్చిపడియుండగా దానికి ముందుగ గలిగినది దుఃఖము కాదు, ప్రాణభయము, తరువాత దప్పిక. తండ్రిని విడిచి నీళ్లకై ప్రాకిపోవుచు, జీవితాశ యెంత నిర్దయమైనదని తన్ను దానే నిందించుకొనును. తల్లి లేక తండ్రిచేత బెరిగి, పదునాలుగవ యేట నా తండ్రియు బోగా దేశములు తిరిగిన బాలుని కథ మీరిప్పుడే వింటిరి. ఇచ్చట శ్లేషలు లేవు. పోలికలు కొద్దివి. వెబరుగారి యడవిలో నిది యొక బయలు.

రెండవ చోటు మహాశ్వేత యాశ్రమము. దీనిని గూర్చియే కొంత విపులముగ మాటలాడవలయును. తన కథ చెప్పి, ప్రియుడు పోయినను తాను బ్రదికియుంటినని మహాశ్వేత సిగ్గుపడి యేడ్చెను. అప్పుడు చంద్రాపీడు డోదార్చుచు, చచ్చినవాని వెంట చచ్చుట, సంస్కృతమున అనుమరణ మన్నది, మిక్కిలి నిష్ఫలమైన పని యనును. అది తెలివిలేనివారు నడచు బాట యట. దానివలన చచ్చినవాడు లేచిరాడు, పుణ్యమును రాదు, నరకమును తప్పదు, వారివారి కర్మల ననుసరించి పోవువారు తిరిగి కలిసికొనుటకును అది యుపాయము కాదు. పైపెచ్చు ఆత్మహత్యాపాపము. బ్రదికియున్నచో తిలోదకములైన నిచ్చి పోయినవారికిని దనకును మేలు చేయవచ్చును. ఇట్లని, మన్మథుడు కాలిపోయినను రతి చావలేదు. పాండురాజు పోయినను కుంతి చావలేదు. అభిమన్యుడు పోయినను ఉత్తర చావలేదు. సైంధవుడు పోయినను దుశ్శల చావలేదని దృష్టాంతములు చూపును.

ఈ మాటలను తేలికగ దాటిపోవుట తగదు. ఏరణ్ అను మాళవగ్రామమున 510వ సంవత్సరపు శాసన మొకటి కలదు. యుద్ధమున మడసిన గోపరాజుతో నాతని భార్య యగ్నిప్రవేశము చేసెనని యది చెప్పును. బాణునికి నూఱేండ్ల ముందటి సంగతి. బాణుని కాలమున రాజగృహములలోనే యీ యాచారము కలదు. హర్షుని తల్లి యశోమతి, భర్త యింకను కొనయూపిరితో నుండగనే, కొడుకు పాదములు పట్టి వేడుకొన్నను వినక, సరస్వతీతీరమున నగ్నిలో బ్రవేశించెను. ఆ ఘట్టమును హర్షచరితమున వ్రాసినవాడు బాణుడే. అందామెను నిందించుటకు వీలులేదు. ఆమె తన ప్రభువునకు దల్లి. హర్షుని చెల్లెలు రాజ్యశ్రీయు భర్తను గోలుపోయి వింధ్యాటవిలో చితి నెక్కబోవుచుండగా అన్న వచ్చి యాపెను. ఆమె బ్రదికినది. అట్టి యాస్థానమున నుండి బాణుడు, చరిత్రగ్రంథమున జెప్పలేని మాటను కల్పితకథలో నొక రాకుమారుని నోట బలికించినాడు.

దివ్యపురుషుడు వరమిచ్చినాడు గనుక మహాశ్వేత బ్రదికినది, ఇందేమి విశేషమని కొంద ఱాక్షేపింతురు. ఆక్షేపము బలమైనదే. కాని చంద్రాపీడుడు చూపిన స్త్రీలను మరల జూడుడు. కుంతికి పాండురాజు తిరిగి వచ్చునని యెవ్వరును జెప్పలేదు. ఉత్తరకు నట్లే, దుశ్శలకు నట్లే. మగడు రాడని తెలిసియు బ్రదికినవారు వీరు. మాద్రి కథ బాణు డెఱుగడా? ఎఱుగును. కుంతిని జెప్పి మాద్రిని విడిచినాడు. కవి దేనిని విడిచెనో చూచుటయు పఠనములో భాగమే.

మన గ్రామములలో పేరంటాలు గుడులు మీ రెఱిగినవే. నేను వానిని నిందించుటకు రాలేదు. దీపము పెట్టు తల్లులను నొప్పించుటయు నాకిష్టము లేదు. కాని యా గుడిలో నున్న పడతి ప్రక్కన, చావక బ్రదికిన వేలకొలది ముండితశిరస్కలకు మన మేమి గుడి కట్టితిమి? శుభకార్యములందు వారి నెదురు రావలదంటిమి. 1829లో బెంటింకు ప్రభువు సహగమనమును వంగదేశమున నిషేధించెను. మఱుసటి యేట మన మద్రాసు రాజధానిలోను శాసన మయ్యెను. 1881 డిసెంబరులో వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహము జరిపించిరి. ఆ తగవులలో స్మృతులు ప్రమాణములుగ నిలిచినవి. కావ్యమునకు ప్రమాణత్వము లేదనుట శాస్త్రమర్యాద. అయినను, ఆచారము కొత్త మాటలచేత జెడుచున్నదని వాపోయిన పండితుల యింటనే, అలమారులో, వేయియేండ్లకు బైగా నీ పుట పడియుండెను. వారు దానిలో సమాసములకు విగ్రహవాక్యములు చెప్పిరి.

కీర్తిని నిలిపిన చోటు తప్పినదని నేనన్నది యిందుకే. మాటలను జూచి నమస్కరించినవారు మాటలనే యనుకరించిరి. కొండవీటి రెడ్డిరాజులలో 1402 మొదలు 1420 వఱకు నేలిన పెదకోమటి వేమారెడ్డి యాస్థానమున వామనభట్టబాణుడను విద్వత్కవి యుండెను. అభినవబాణుడని బిరుదు వహించి, హర్షచరితపు తీరున వేమభూపాలచరితమును సంస్కృతవచనమున రచించెను. మన దేశపు రాజును గూర్చి మన దేశమున బుట్టిన గద్యకావ్య మది, పాండిత్యమునకు కొదవలేదు. రాజు దిగ్విజయ మున్నది, నదు లున్నవి, క్షేత్రము లున్నవి. రెక్కల క్రింద పిల్లను గప్పుకొన్న చిలుక మాత్రము లేదు. కన్నడమున నాగవర్మ 10వ శతాబ్దపు తుదిని కాదంబరిని చంపువుగ దెచ్చెను. ఆతడు వర్ణనలను దగ్గించి కథను ముందునకు నడిపెనని యెఱిగినవారు మెచ్చుదురు. ఆ దేశమున నవలకు నీ పేరు నిలుచుట కా కవి కృషియు నొక కారణమై యుండవచ్చును.

బాణుడు సర్వత్ర యింత సాహసి యనుకొనవలదు. కొలువులోనికి వచ్చిన చండాలకన్యకను జూచి శూద్రకుడు, ఇంతటి సౌందర్యము నంటరాని కులమున నేల పుట్టించితివని బ్రహ్మను దూఱును; తన కట్టడిని మాత్రము దూఱడు. కథ తుదిని ఆమె లక్ష్మీదేవి యని తేలును. చిలుక యగుటకు శాపము పొందిన పుండరీకునికి ఆమె తల్లి. కొడుకును గాపాడుటకు వేషము ధరించినది. దేవత యైనందున ఆ సౌందర్యము సమర్థింపబడెను గాని, కులమును గూర్చిన ప్రశ్న యడిగినచోటనే మిగిలిపోయెను. పాములవైద్యునితోను మద్దెలవానితోను తిరిగిన బాణుడు ఇంకొక యడుగు వేయగలిగినవాడే. వేయలేదు.

తండ్రి విడిచిన కథను కొడుకు పూరించెనంటిని. ఆతని పేరు భూషణభట్టనియు పులిందుడనియు జెప్పుదురు. కథ నిలిచిపోగా సజ్జనులు దుఃఖించుట చూచి పూనుకొంటినే గాని కవిత్వదర్పముచేత గాదని యాతడు వినయముతో విన్నవించుకొన్నాడు. ఆతని నడక తండ్రి నడక కాదు. తొందర యెక్కువ, వన్నె తక్కువ. వైశంపాయనుడు అచ్ఛోదతీరమున మహాశ్వేతను వెంటబడి, ఆమె శాపముచేత చిలుక యగును. పుండరీకుడే యట్లు జన్మించెనని యామె యెఱుగదు. చంద్రాపీడుడు గుండె పగిలి చచ్చును. కాదంబరి చావబోవగా ఆకాశవాణి వారింపగా, ఆమె యా శరీరమును గాచుకొని కూర్చుండును. చావక నిరీక్షించుట యను తండ్రి భావమును కొడుకు సరిగనే పట్టుకొన్నాడు. శాపములు తీరి, వసంతకాలమున నామె స్పర్శచే చంద్రాపీడుడు లేచును, పుండరీకుడు దిగివచ్చును, పెండ్లిండ్లు జరుగును.

ఇంకొక్క సంగతి. రవీంద్రనాథ ఠాకూరుగారి ప్రాచీన సాహిత్యమను వ్యాససంపుటము 1907లో వెలువడినది. అందు, కవు లుపేక్షించిన స్త్రీలను గూర్చి వ్రాయుచు ఆయన పత్రలేఖను దలచుకొన్నారు. ఈమె కులూతరాజు కూతురు. చెఱపట్టి తేగా రాణి విలాసవతి పెంచి కొడుకునకు తాంబూలకరండవాహినిగ నిచ్చినది. పగలును రాత్రియు యువరాజు ప్రక్కనే మెలగిన యీ యౌవనవతికి నొక హృదయము గలదని బాణునికి దోచలేదని ఠాకూరుగారి ఫిర్యాదు. బాణుని భాగము వఱకు నది సత్యము. అయితే కొడుకు వ్రాసిన భాగము కడపట, అందఱును సుఖముగ నుండగా, కాదంబరి కన్నీరు దెచ్చుకొని భర్త నడుగును: మనమందఱము మరల గలిసితిమి గదా, పాపము పత్రలేఖ యేమైనది? ఆమె రోహిణి యనియు, చంద్రుడనైన నాకు శాపము కలిగినదని విని, వలదన్నను వినక నన్ను సేవించుటకు ముందుగ భూమికి వచ్చెననియు చంద్రాపీడుడు చెప్పును. అడిగినది కాదంబరి యగుట గమనింపదగినది.